నూనె తాగని కట్టె

మా ముత్తాత చెంగమనాయుడు పూతలపట్టు చుట్టుపక్కల పన్నెండు పల్లెలకు కావలి పెద్ద. మా తాత కుర్చీలో కూర్చుంటే తాలూకా గుమాస్తాలు నిలబడి మాట్లాడేవారు. నాయన కాలానికి కుర్చీ మిగిలింది, నిలబడేవారు మిగల్లేదు. ఈ వంశంలో అబద్ధమాడినవాడు లేడని నాయన అంటుండేవాడు. పద్నాలుగేళ్ళుగా ఆ మాటను బండలా మోస్తున్నాను. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

ముత్తాత తుపాకి మా ఇంట్లో, తాళం వేసిన బీరువాలో ఉండేది, నాయన పేరున లైసెన్సుతో. భుజానికి ఆనించే కట్టె అక్రోటుది. దాని మీద ముత్తాత పేరు చెక్కిన వెండి బిళ్ళ. ఊరి గంగమ్మ జాతరకు తొలి సారె మా ఇంటి నుంచే వెళ్ళాలి, ఆ రోజు ఊరంతటికీ మేమే అన్నం పెట్టాలి. ఆ ఏడు మాకు శక్తి లేదు. లేదని ఒక్క మాట అంటే ఆ మర్యాద ఇంకో ఇంటికి పోతుంది. అనలేకపోయాను. అలాంటి కట్టె ఇప్పుడు దొరకదని వెతుక్కుంటూ వచ్చిన ఒకాయనకు, నాయనకు తెలియకుండా, దాన్ని ఊడదీసి అమ్మేశాను. బదులుగా నల్లటి ప్లాస్టిక్‌ది తెచ్చాను.

మూడు మధ్యాహ్నాలు మిద్దె మీద దానితో గడిపాను. ఉప్పుకాగితంతో రుద్ది మెరుపు చంపాను. గోధుమరంగు పూసి, ఆరకముందే పాత దువ్వెనతో లాగి కట్టె గీతలు తెప్పించాను. చెయ్యి పట్టే చోట అసలు కట్టెకు సన్నటి గళ్ళు చెక్కి ఉండేవి. అక్కడ పలుచటి గుడ్డలో జల్లించిన ఏటి ఇసుక చల్లి, పైన మళ్ళీ రంగు వేశాను. చివరగా పాత కట్టె నుంచి తీసిపెట్టుకున్న వెండి బిళ్ళ అతికించాను. బాగా కుదిరింది. సిగ్గు లేకుండా మురిసిపోయాను కూడా. నా చేతులు జీవితంలో చక్కగా చేసిన పని అదొక్కటేనేమో?

ఒక్కటి మరిచిపోయాను. ఆయుధపూజ నాడు మునిరత్నం ఆ కట్టెకు నువ్వులనూనె పట్టిస్తాడు. తుపాకిని చూసుకునే పని వాళ్ళ తాతల నుంచీ వాళ్ళదే. నూనె ఇంకితే ఆ ఏడు ఇంటికి చల్లన అని మా నమ్మకం. చూపు మందగించిన నాయన పక్కన కూర్చుని ఏటా ఒకే మాట అడుగుతాడు. ఆ ఏడూ అడిగాడు.

"నూనె తాగిందా, మునిరత్నం?"

"లేదు దొరా. పోసింది పోసినట్టే నిలిచి ఉండాది."

"నీ కండ్లు నా కండ్లకంటే అధ్వానమైనట్టుండాయి కదప్పా!" నాయన నవ్వాడు.

"కండ్లు పోయినా చేతులు పోలేదు దొరా. ఇది మన కట్టె కాదు."

నాయన నవ్వు ఆగింది. బిళ్ళను తడిమాడు, తుపాకిని ఎత్తి బరువు చూశాడు. "బీరువా బీగంచెవి ఎవురి కాడ ఉండాది?"

"మునిరత్నం దగ్గరే నాయనా," అన్నాను నేను.

అది అబద్ధం కాదు. తాళంచెవి అతని మొలతాడుకే ఉండేది. నా దగ్గర ఇంకొకటి ఉందని మాత్రం నేను చెప్పలేదు. అబద్ధమాడని వంశంలో పుట్టినవాణ్ణి కాబట్టి, నిజంతోనే ఒక మనిషిని దొంగను చేశాను. ఆ తేడాను పట్టుకుని ఎన్నేళ్ళు తల ఎత్తుకు తిరిగాను!

"ఇంక ఈ గడప తొక్కొద్దు," అన్నాడు నాయన.

మునిరత్నం మొలతాడు తడుముకున్నాడు. తాళంచెవి విప్పి పీట మీద పెట్టాడు. వేలికి అంటిన ఇసుకను బొటనవేలితో నలిపి చూసుకున్నాడు. నా పక్కనుంచి వెళ్తూ, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు:

"రంగు బాగా ఏసినావు, చిన్నదొరా."

తర్వాత అతను పాకాలలో కూతురి దగ్గర ఉండేవాడు. నిజం చెప్పాలని రెండుసార్లు రైలెక్కాను. రెండుసార్లూ స్టేషన్లోనే టీ తాగి తిరిగొచ్చాను. మూడోసారి వెళ్దామనుకునేలోగా అతను లేడని తెలిసింది. నాయన కూడా, తన ఉప్పు తిన్నవాడే మోసం చేశాడన్న బాధతోనే పోయాడు. క్షమించగల ఇద్దరూ లేరు. మీరు క్షమించాలని అడగను, ఆ హక్కు మీకు లేదు. ఎక్కడో ఒకచోట నా చేతిరాతలో ఈ మాట ఉండాలి, అంతే.

తుపాకిని పోలీసు స్టేషన్లో అప్పగించేశాను. అంతకు ముందు వెండి బిళ్ళ ఊడదీసి చిత్తూరులో అమ్మాను.