నాలుగో గీత

నెట్ సెంటర్లో నా పింఛను దరఖాస్తు నింపుతూ ముందున్న అమ్మాయి మౌసు నొక్కింది. ‘టిక్’ అన్న ఆ చిన్న చప్పుడుకు నా ఎడమచేతి చిటికెనవేలు తనంతట తానే వంగి బల్ల అంచును అదిమింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ వేలు ఇంకా డేవిడ్ సారు మాటే వింటోంది.

తొంభైల చివర ఆత్మకూరులో సారుకు కంప్యూటర్ దుకాణం ఉండేది. చనిపోయినవాళ్ల ఫోటోలు దిద్ది, వాళ్ల జ్ఞాపకార్థం చర్చివాళ్లు జరిపే ఆదరణ కూటాలకు కార్డులు వేసేవారు. నేను ఊడ్చే పనికి చేరాను. పక్షవాతంతో సారు ఎడమచెయ్యి పడిపోయింది, కుడిచెయ్యి వణికేది. ఫోటో చుట్టూ నల్లగీత గీయబోతే పాములా మెలికలు తిరిగేది. ఒకరోజు నన్ను పిలిచారు.

“మార్తా, చీపురు పక్కన పెట్టి ఈ షిఫ్ట్ బటన్ అదిమి పట్టుకో. నేను ఈ మూలొకటి, ఆ మూలొకటి నొక్కతా. మధ్యలో గీత దానంతటదే తిన్నగా వస్తాది.”

“మరి వణుకు ఏమైపోతాది సార్?”

“నీ వేలి కింద ఉంటాది. వదలబాక.”

సారుకు ఒక పద్ధతి ఉండేది. మూడు గీతలు ముందే గీసేవారు. నాలుగోది మాత్రం ఇంటివాళ్లు వచ్చి పక్కన కూర్చుని ‘సరే’ అన్నాకే.

నా భర్త సోమశిల డ్యాం నీళ్లలోకి చేపలకు వెళ్లి అప్పటికి రెండేళ్లు. తెప్ప ఒక్కటే ఒడ్డుకు వచ్చింది. కార్డు వేయించమని అత్త పెట్టే పోరు పడలేక ఆయన ఫోటో దుకాణానికి తెచ్చాను. మూడు గీతలు పడ్డాయి.

“నాలుగోదానికి నువ్వు చెప్పాల,” అన్నారు సారు.

“ఆయన్ని రానీండి సార్.”

సారు నవ్వలేదు. “అయితే అక్షరాలు నేర్చుకో మే. ఆయన పేరు నీ చేత్తో కొట్టిన రోజు చూస్తాం.”

భర్త పేరు నోటితో ఎన్నడూ పలకనిదాన్ని, నలభై ఏళ్ల వయసులో దాన్ని కీబోర్డు మీద వేలితో వెతుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. ఆ పేరు తప్పుల్లేకుండా వచ్చిన వారం సారు ఉదయగిరిలో కూతురింట్లో ఉన్నారు. దుకాణం తాళం నా కొంగున ఉంది. సారు తిరిగొచ్చిన ఉదయం ఇద్దరం నా భర్త ఫోటో తెరిచాం.

నాలుగో గీత ఉంది. వంకరగా, అలల మీద తేలే తాడులా.

“మీరు గీసినారా సార్?”

“నేను ఊళ్లో యాడుండాను మే? తాళం నీకాడే గదా ఉండాది.” సారు మొహం పాలిపోయింది. “చెరిపేద్దామా?” అన్నారు.

నేను తెర మీద ఆ వంకరల వెంట వేలు పోనిచ్చాను. నా బదులు నా భర్తే ‘సరే’ అన్నారని, ఇక రారని అప్పుడే నాకు అర్థమైంది.

“ఉండనీండి.”

ఆ గీత కింద ఆయన పేరు, ‘ఏసేబు’ అని కొట్టాను.

మరుసటి ఏడు సారు పోయారు. ఆయన ఫోటో నేనే దిద్దాను. కూతురు పక్కన కూర్చుని ‘సరే’ అంది. నాలుగో గీతకూ షిఫ్ట్ గట్టిగా అదిమే నొక్కాను. నా చెయ్యి వణకలేదు. తెర మీద గీత వణికింది.

“వంకర పొయ్యింది గదక్కా, మళ్లీ గీయి,” అంది కూతురు.

“అది సారు చెయ్యేలేమ్మా,” అన్నాను.

“సంతకం పెట్టండమ్మా,” అని నెట్ సెంటర్ అమ్మాయి దరఖాస్తు కాగితం జరిపింది. కుడిచేత్తో నా పేరు రాశాను. ఎడమచేతి వేలు బల్ల అంచు మీదే ఉంచాను. దాని కింద ఏదో సన్నగా వణుకుతోంది. వదల్లేదు.