కొమ్మ దాటిన సినిమా

ఆ రోజుల్లో మాకు ఏదీ ఊరికే జరిగేది కాదు. కరెంటు పోతే దాని వెనక ఎవరో ఉండేవారు. బస్సు ఆలస్యమైతే అందులో ఎవరికో లాభం ఉండేది. కొండ మీది సెల్ టవరు కింద నిలబడినా సిగ్నల్ రాలేదంటే, అసలు ఆ టవరు సిగ్నల్ కోసం కట్టిందే కాదు. ఇప్పుడు తలుచుకుంటే, పనీపాటా లేని మా మీద లోకం అంత ఓపిగ్గా, అంత శ్రద్ధగా కుట్రలు పన్నేదా అని ముచ్చటేస్తుంది. ఇప్పుడైతే ఉద్యోగం చేస్తున్నాను, పన్ను కడుతున్నాను, నన్ను ఒక్కరూ గమనించడం లేదు.

అప్పట్లో మా బావ (మేనమామ కొడుకు, నాకంటే కాస్తే పెద్ద, గడ్డం వల్ల మా నాన్న ఈడువాడిలా కనిపించేవాడు) ఒక సినిమా తీస్తున్నాడు. కాఫీతోటకు కాపలా వచ్చిన ఒక కుర్రాడికి తనను ఎవరో గమనిస్తున్నారని అనుమానం మొదలవుతుంది. అది పెరిగి పెరిగి చివరికి తన నీడను కూడా నమ్మలేకపోతాడు. ఇదీ కథ. నిర్మాత లేడు, పాటలు లేవు, హీరోయిన్ లేదు. "ఇండిపెండెంట్ సినిమా అంటే అదే" అనేవాడు బావ. ఎన్ని లేకపోతే అంత ఇండిపెండెంటు అన్నమాట. కెమెరా మాత్రం స్నేహితుడిది, నెలాఖరుకి తిరిగిచ్చేయాలి. మా మావయ్య ఒకే ఒక షరతు పెట్టాడు: "సినిమా పూర్తి చేసావా, నీ ఇష్టం. మధ్యలో వదిలేసావా, నోరు మూసుకుని అనకాపల్లొచ్చి మన రంగుల కొట్లో కూకో." బావకి సినిమాలోని కుట్రలన్నిటికంటే ఆ కొట్టంటేనే ఎక్కువ భయం.

గూడెం కొత్తవీధి పైన కొండల్లో ఒక చిన్న ఊళ్ళో దిగాం. బావ దర్శకుడూ కెమెరామెనూ. నేను మాటల రచయితని, కర్రకి మైకు కట్టి పట్టుకునేవాణ్ణి కూడా. హీరోగా మా కాలేజీ జూనియర్ ఒకణ్ణి తెచ్చుకున్నాం. వాడు అవసరమైతే తప్ప నోరు విప్పడు, వాడికి అవసరమూ రాదు, అందుకని సైలెంటు అని పిలిచేవాళ్ళం. మాకు చోటిచ్చి వండిపెట్టినావిడను కాఫీ అక్క అనేవాళ్ళం. పొద్దున లేచేసరికి ఆవిడ ముంగిట్లో ఎర్రటి కాఫీ పళ్ళు ఆరబోసి ఉండేవి. ఆ పళ్ళ అవతల లోకం ఉండేది కాదు. అంతా మంచు. అందులోంచి ఒక ఆవు తల, కాసేపటికి మిగతా ఆవు, ఆ తర్వాత దాని వెనక నడిచే మనిషి ఒక్కొక్కటే తయారై వచ్చేవి. లోకాన్ని ఇంకా పూర్తిగా కల కనకముందే ఎవరో మమ్మల్ని నిద్ర లేపినట్టుండేది.

అలాంటి ఒక పొద్దున్న గంజి తాగుతూ, "ఇది మంచు కాదు బావా, కొండవతల పవర్‌హౌస్‌లో నీళ్ళలోంచి కరెంటు పిండేశాక మిగిలిన పిప్పి" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. బావ గ్లాసు కింద పెట్టి, దూరంగా చూసి, "మళ్ళీ చెప్పు" అన్నాడు. ఆ సాయంత్రం సైలెంటు అదే మాట కెమెరా ముందు కళ్ళనీళ్ళతో చెప్పాడు. నేను వేసిన జోకుకి ఒక మనిషి వెక్కి వెక్కి ఏడుస్తుంటే, మైకు పట్టుకుని నిలబడటం అంత తేలిక కాదు. అక్కణ్ణుంచి నేనేమన్నా డైలాగే అయింది. వారం తిరిగేసరికి ఇంకో సంగతి గమనించాను. ఆవిరిలా కదిలే ఆ తెల్లదనంలో నిలబడితే నా జోకులు నాకే నిజమనిపించడం మొదలైంది. టవరు వైపు వీపు పెట్టి నిలబడటం మానేశాను.

అప్పుడు కనిపించింది మొదటి కొమ్మ. దారి రెండుగా చీలిన చోట, ఒక దారికి అడ్డంగా, అప్పుడే విరిచిన పచ్చి కొమ్మ. దాని మీద ఒక రాయి. "ఇది మనం పెట్టలేదు" అన్నాడు బావ, గొంతు తగ్గించి. (అతను గొంతు తగ్గించాడంటే సంతోషంగా ఉన్నాడని అర్థం.) "అటు మనం వెళ్ళకూడదని ఎవడో అనుకుంటున్నాడ్రా. అంటే అటేదో ఉంది." థ్రిల్లర్ తీసేవాళ్ళం కదా, గంభీరంగా కొమ్మ దాటి వెళ్ళాం. అటు ఉన్నది తేనెటీగల పట్టు. కెమెరా ముందు కాకుండా సైలెంటు ఆ రోజే మొదటిసారి నోరు తెరిచాడు గానీ అందులో మాటలేం లేవు. మర్నాడు ఇంకో దారి మీద ఇంకో కొమ్మ. అదీ దాటాం. గట్టు జారి బావ నడుము దాకా బురదలో దిగాడు. "చూసావా," అన్నాడు బురదలోంచి, "ఎంత ప్లాన్డ్‌గా ఉందో."

పడుకోబోయే ముందు బావ తేల్చేశాడు. "ఒరే, అక్క రోజూ సాయంత్రం అడుగుతుంది గమనించావా? రేపు ఏ దారినెల్తారు బాబూ అని. మనం ఏ దారి చెప్తే పొద్దున్నకి ఆ దారిలోనే కొమ్మ." నాకు ఒక జోకు తట్టింది, కానీ వేయలేదు. వేస్తే అదే నిజమవుతుందని భయం. మర్నాడే సామాను సర్దేసి దిగిపోదామన్నాడు. క్లైమాక్సొక్కటే మిగిలింది. అది తీయకుండా దిగితే సినిమా లేదు, ఉన్నది రంగుల కొట్టు. అయినా సంచులు సర్దాం.

పొద్దున్న సంచులతో బయటికొచ్చేసరికి మంచులోంచి ఊరంతా ఒక్కొక్కరే తయారై వచ్చి మా ఎదురుగా నిలబడ్డారు. ఊరి పెద్దాయన ముందుకొచ్చాడు.

"బాబూ, నిజం సెప్పండి. మీరు మా బూముల సర్వేకొచ్చారు కదేటి?"

"సర్వేనా? మేం సినిమావాళ్ళమండీ," అన్నాడు బావ.

"సినిమా అయితే ఈరోయిను గుంటేదీ? పాటేదీ? ఆ గుంటడొకడు బిక్కమొకమేసుకుని సెట్ల మద్దిన తిరగతన్నాడు, ఈ బాబు కొలత కర్రట్టుకుని ఆడెనకాల తిరగతన్నాడు."

"అది మైకండి," అన్నాను. ఎవరూ నమ్మలేదు. నిజానికి ఆ క్షణంలో నేను కూడా.

కాఫీ అక్క అందుకుంది. "కొమ్మడ్డం ఏసామంటే అటెల్లొద్దని. ఈ కొండల్లో పిల్లలకి కూడా తెలుసును. తేనెపట్టుందని ఓ దార్నేసాం, గట్టు జారుతందని ఓ దార్నేసాం, మీరు పడిపోతారనే కదా రోజూ అడిగి మరీ ఏసేది. మీరేటి, కొమ్మ కనబడితే సాలు, దాటీసి మరీ ఎల్తన్నారు. బూమి కొలవడానికొచ్చినోలు కాపోతే అలాగెవులెల్తారు?"

అక్కడ అర్థమైంది. మేం వాళ్ళని చూసి భయపడిన రోజులన్నీ వాళ్ళు మమ్మల్ని చూసి భయపడుతూనే ఉన్నారు. తేడా ఒక్కటే, వాళ్ళు భయపడుతూ కూడా మాకు అన్నం పెట్టారు. (ఇవే కొండల్లో, పాడేరులో పుట్టి పెరిగిన నాకు కొమ్మ సంగతి తెలియదా అని మీరడగొచ్చు. నాకు తెలిసిన కొండదారి బస్టాండు నుంచి మా ఇంటికి, అంతే.)

"పోనీ సినిమావోలే అయితే డాన్సు తియ్యండి, సూత్తాం. లేదంటే దిగిపోండి," అన్నాడు పెద్దాయన.

"మా సినిమాలో డాన్సు ఉండదండీ. ఇది మనిషి లోపలి భయం గురించి..."

"లోపల్ది కెమెరాకెలా కనబడద్ది బాబూ?" అంది అక్క. ఆ ప్రశ్నకి సినిమా పండితుల దగ్గరైనా జవాబుందో లేదో నాకు తెలియదు. బావ మొహంలో మాత్రం రంగుల కొట్టులో గోడరంగులన్నీ చూపించే షేడు కార్డు మొత్తం వరసగా కనిపించింది.

"నాకు డాన్సొచ్చు," అన్నాడు సైలెంటు.

అందరం వాడివైపు తిరిగాం. ఊరివాళ్ళకి కూడా, కెమెరా బయట అది వాడి మొదటి మాట.

డప్పులొచ్చాయి. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ధింసా మొదలుపెట్టారు. మంచు ఇంకా విడలేదు. ఆ వరస తెలుపులోంచి పుట్టి, మెలికలు తిరిగి, మళ్ళీ తెలుపులోకే పోతుంటే ఎంతమందో, ఎక్కడ మొదలో తెలియలేదు. పాదాల చప్పుడు మాత్రం నేలలోంచే వస్తున్నట్టుండేది. వలయం మధ్యలో సైలెంటు. వాడికొచ్చిన డాన్సు ఇది కాదని వాడి మొహమే చెబుతోంది. వలయం నెమ్మదిగా దగ్గరవుతోంది. వాడి కళ్ళలో బావ అన్ని రోజులుగా అడిగిన భయం, ఎవరూ అడగని నవ్వు, రెండూ ఒకేసారి వచ్చాయి. బావ సంచిలోంచి కెమెరా తీసి, ఇక దించకుండా షూట్ చేస్తూనే ఉన్నాడు. కాఫీ అక్క వచ్చి నా చేతిలో కర్ర లాక్కుని గోడకి ఆనించి, నన్ను వరసలోకి లాగింది.

నెలాఖరుకి కెమెరా వెళ్ళిపోయింది, సినిమా మిగిలింది. విశాఖలో ఒక చిన్న హాల్లో వేశాం. ఆ డాన్సే చివరి షాట్. అది అయ్యాక ఎవరో లేచి, ఊరివాళ్ళు హీరోని చుట్టుముట్టారా, కలుపుకున్నారా అని అడిగారు. "ప్రేక్షకుడికే వదిలేశాను" అన్నాడు బావ, గడ్డం నిమురుకుంటూ. మావయ్య బయటికొచ్చి, "ఆ డాన్సేదో ముందే పెట్టాల్సిందిరా" అన్నాడు. కొట్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ సినిమా నా ఫోన్లో ఉంది. అప్పుడప్పుడు చివరి షాట్ పెట్టుకుంటాను. వరసలో ఒకచోట అందరి పాదాలూ కుడికి పడుతుంటే ఎడమకి వేస్తూ ఒక కుర్రాడు దాటిపోతాడు. ఏదో అనబోతున్నట్టు నోరు తెరిచి ఉంటుంది. ఏం జోకై ఉంటుందా అని చాలాసార్లు ఆపి చూశాను. ఇప్పుడనిపిస్తుంది, ఏమీ లేదు, వాడు ఊరికే నవ్వుతున్నాడు. అంతలో మంచు వాణ్ణి తీసుకుపోతుంది.