నూట ఇరవై ఒక్క డిగ్రీల కేదార్

అమీర్‌పేటలో నేర్పనిదంటూ లేదు. జావా నేర్పుతారు, అమెరికా యాస నేర్పుతారు, చేయని ఉద్యోగాన్ని మూడేళ్లు చేసినట్టు చెప్పుకోవడం కూడా నేర్పుతారు. భీమవరంలో ఇంజనీరింగు మధ్యలో వదిలేసి ఇక్కడ దిగిన కేదార్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పి బతికాడు. ముందురోజు తను చదివిన పేజీలే మర్నాడు పిల్లలకు చెప్పేవాడు. ఎవడైనా ఆ పేజీ దాటి ప్రశ్న వేస్తే "అది అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో వస్తుంది నాన్నా" అనేవాడు. ఆ బ్యాచ్ ఎప్పుడూ మొదలవలేదు. చివరికి పిల్లలు విసుగెత్తి పక్క బోర్డు కిందికి పోయారు.

అప్పుడు కేదార్ కంటికి డాక్టర్లు ఆనారు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ ఉద్యోగుల దగ్గులకూ జ్వరాలకూ దగ్గర్లోని క్లినిక్‌లను ఎంచుకుంటున్న రోజులవి. ఎంచుకునే ముందు ఒక మనిషిని పంపి శుభ్రత, భద్రత, పరికరాలు తనిఖీ చేయించేవారు. తనిఖీ అంటే పరీక్ష. పరీక్ష అంటే కోచింగ్. కోచింగ్ అంటే అమీర్‌పేట. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర, బస్సు కడ్డీకి వేలాడుతుండగా కేదార్‌కు ఈ జ్ఞానోదయమైంది. దిగీ దిగగానే జిరాక్స్ షాపుకు పోయి, తనిఖీలో అడిగే ప్రశ్నలూ జవాబులూ ఉన్న నోట్సు కొన్నాడు. ఎవరు రాశారో షాపువాడికీ తెలీదు. రెండురోజులు బట్టీపట్టి కన్సల్టెంటైపోయాడు.

మొదటి గిరాకీ సూర్యనారాయణ గారు. లేడీస్ హాస్టల్ కింద ఆయన క్లినిక్. జలుబుకైనా బెణుకుకైనా ఒకటే ఎర్రమాత్ర ఇచ్చే సమదృష్టి గల డాక్టరు.

"చూడండి కేదార్ గారూ, ఈ తనిఖీ గట్టెక్కించారంటే ఈ వీధిలో డాక్టర్లందర్నీ మీ దగ్గరకు నేనే పంపిస్తా. తేడా వచ్చిందా, మీ సంగతేంటో కూడా అందరికీ నేనే చెబుతా."

కేదార్ లెక్కేసుకున్నాడు. ఇది పోతే ఇక భీమవరం బస్సే.

క్లినిక్ చూశాక సగం ప్రాణం అక్కడే పోయింది. మందుల బీరువా అద్దం అడ్డంగా పగిలి ఉంది. కేదార్ దానిమీద ‘చేతులు కడుక్కోండి’ పోస్టరు అంటించాడు. కత్తెర్లూ సూదులూ ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో ఆయా సత్తెమ్మ టిఫిన్ డబ్బా ఉంది.

"ఇదేంటి సత్తెమ్మా?"

"గా పెట్టె కరాబై ఏడాదాయె సారు. ఎలుకలు జొర్రవని అండ్ల పెట్టుకుంటున్న."

కేదార్ డబ్బా బయట పెట్టించి, కత్తెర్లు లోపల పెట్టించాడు. పెట్టె వేడెక్కకపోయినా ఎర్రలైటు మాత్రం వెలిగేలా ఎలక్ట్రీషియన్‌తో తీగ మార్పించాడు. తర్వాత జిరాక్స్ నోట్సులోంచి సత్తెమ్మకు పాఠం మొదలుపెట్టాడు: "ప్రతి పరికరాన్నీ నూట ఇరవై ఒక్క డిగ్రీల ఆవిరిలో శుద్ధి చేసి, మూత పెట్టి ఉంచుతామండీ."

సత్తెమ్మ జన్మలో ‘అండీ’ అనలేదు. అలవాటు కావడానికి వారం పట్టింది. అంతా వచ్చిందనుకున్నాక కేదార్ చాయ్ తాగుతూ ఏమీ ఎరగనట్టు, "ఇంతకీ ఆ పెట్టె పనిచేస్తుందా సత్తెమ్మా?" అన్నాడు.

"యాడ పనిజేస్తది సారు, నీకెర్కలేదా?"

"అదే వద్దన్నాను! దేవుడొచ్చి అడిగినా, నేనే అడిగినా, కాళ్లావేళ్లా పడి అడిగినా నూట ఇరవై ఒక్క డిగ్రీల మాటే చెప్పాలి. తెలిసిందా?"

"మంచిగ తెలిసింది సారు."

తనిఖీకి మంజూష అనే ఆవిడ వచ్చింది. ఆమె ప్రశ్నలు సరిగ్గా జిరాక్స్ నోట్సు వరుసలోనే ఉండటంతో కేదార్‌కు రెక్కలొచ్చాయి. ఎర్రలైటు చూసి ఆమె తలూపింది. సూర్యనారాయణ గారు కేదార్‌కేసి పెళ్లికొడుకును చూసినట్టు చూశారు. ఆ చూపు తలకెక్కి కేదార్, "చేతుల శుభ్రత విషయంలో మేం చాలా పట్టుదలగా ఉంటాం మేడమ్" అంటూ పోస్టరు మీద అరచెయ్యి వేసి, దర్జాగా ఒరిగాడు.

అద్దం లోపలికి పోయింది. దాంతోపాటు చెయ్యీ పోయింది. బయటికి తీసేసరికి అరచెయ్యి అడ్డంగా చీరుకుపోయి ఉంది.

"ఏం ఫరవాలేదు, నాలుగు కుట్లు," అన్నారు సూర్యనారాయణ గారు.

"ఒకందుకు మంచిదే," అంది మంజూష. "గాయాలకు చికిత్స ఎలా చేస్తారో అదొక్కటే ఇంకా చూడాల్సింది. కానివ్వండి."

ఎర్రలైటు పెట్టెలోంచి ట్రే వచ్చింది. దానికి ఇంకా పులిహోర వాసన. కేదార్ సత్తెమ్మ చెవి దగ్గరకు వంగాడు.

"సత్తెమ్మా, వీటిని కనీసం నీళ్లలోనైనా మరిగించావా?"

సత్తెమ్మ నిటారుగా నిలబడింది. "ప్రతి పరికరాన్నీ నూట ఇరవై ఒక్క డిగ్రీల ఆవిరిలో శుద్ధి చేసి, మూత పెట్టి ఉంచుతామండీ."

"అది కాదు తల్లీ! నేనడుగుతున్నా. నిజం చెప్పు, నీ కాళ్లు పట్టుకుంటా."

సత్తెమ్మ కన్నుగీటింది. "గీసారి నీ మాటలకు ఆగం గాను సారు," అని గొణిగి, ఇంకా గట్టిగా మళ్లీ అదే మాట అప్పజెప్పింది.

డాక్టరు సూది ఎత్తారు. ఒక్క క్షణం కేదార్ కళ్లముందు వీధిలోని క్లినిక్‌ల బోర్డులన్నీ మెరిశాయి. మరుక్షణం టిఫిన్ డబ్బా కనబడింది. చెయ్యి లాక్కుని గుమ్మంకేసి ఉరికాడు.

"మీ కన్సల్టెంటే ఇక్కడ కుట్లు వేయించుకోనంటే, మా వాళ్లను ఎలా పంపమంటారు డాక్టరు గారూ?" వెనక మంజూష గొంతు. డాక్టరు గారి జవాబు వినడానికి కేదార్ ఆగలేదు.

"సోమాజిగూడ! పెద్దాసుపత్రికి!" అన్నాడు ఆటోలో పడి.

డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. "దవాఖాన్ల నుంచే గద ఉరికొచ్చినవ్ అన్నా. ఆడ కుట్లెయ్యరా?"

"నువ్వు పోనీ బాబూ!"

సోమాజిగూడ ఆసుపత్రిలో అద్దాల తలుపులు, చల్లటి గాలి, గోడనిండా ఫ్రేము కట్టిన సర్టిఫికెట్లు. కేదార్‌కు ప్రాణం లేచొచ్చింది. కేరళ నర్సు తళతళలాడే ట్రే తెచ్చి పక్కన పెట్టింది. అయినా మనసాగక అడిగాడు.

"సిస్టర్, ఇవి శుభ్రం చేసినవేనా?"

ఆమె తలెత్తలేదు. తడుముకోలేదు. మలయాళం యాసలో గడగడా చెప్పేసింది: "ప్రతి పరికరాన్నీ నూట ఇరవై ఒక్క డిగ్రీల ఆవిరిలో శుద్ధి చేసి, మూత పెట్టి ఉంచుతామండీ."

కేదార్ తలెత్తి చూశాడు. ఆమె వెనక మందుల బీరువా, దాని మీద ‘చేతులు కడుక్కోండి’ పోస్టరు. పరిగెత్తడానికి ఇక ఎటూ లేదు. కళ్లు మూసుకుని చెయ్యి చాచాడు.