తప్పుకొక పేరు

ఆగిపోయిన కంప్యూటర్ కీచుమంటే నాకు ఇప్పటికీ ఫినాయిల్ వాసన వచ్చినట్టుంటుంది. నిన్న ఆఫీసులో ఒక ప్రోగ్రాం అలాగే ఆగింది. తెరమీద ‘ఏదో పొరపాటు జరిగింది’ అని మాత్రమే ఉంది. ఎస్తేరు మేడం అయితే ఆ వాక్యాన్ని ఒప్పుకునేవారు కారు.

ఎనభైల చివర్లో నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్ళు కంప్యూటర్ కొన్నారు. రోగుల వివరాలు, రక్తం గ్రూపులు అందులో భద్రపరిచే ప్రోగ్రాం పని ఎస్తేరు మేడంది. ఆవిడ అంతకుముందు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. నాకు ఆవిడ కింద మొదటి ఉద్యోగం. చెప్పులు బయట విడిచి ఆ ఏసీ గదిలోకి వెళ్ళేవాళ్ళం. ఏ తప్పు జరిగినా ‘ఎర్రర్’ అని ఒకే మాట చూపేలా రాశాను. వివరాలు ఎక్కించే షమీమ్ అది చూసి చేతులు వెనక్కి తీసుకుంది.

“ఏందక్కా, మిషన్ చెడగొట్టానా?”

వయసు వేయాల్సిన చోట అక్షరం నొక్కింది, అంతే. మేడం నావైపు తిరిగారు. “దీనివల్ల ఆ అమ్మాయికి ఏం తెలిసింది?”

“తప్పు జరిగిందని తెలిసిందండీ.”

“ఏం తప్పో, ఇప్పుడేం చెయ్యాలో తెలిసిందా? ఊరికే భయపడింది. ఒక్కో తప్పుకీ ఒక్కో పేరు పెట్టు. చదివే మనిషితో మాట్లాడినట్టు రాయి.”

ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలు కూర్చుతూ అన్నీ తిరగరాశాను. చాదస్తం అనుకున్నాను కూడా.

ఒక మధ్యాహ్నం బొల్లాపల్లి నుంచి, అంతకుముందు మా దగ్గరే పరీక్షలు చేయించుకున్న నాగమ్మ అనే ఆమెను కాన్పుకు తెచ్చారు. రక్తం చానా పోతోంది. గుంటూరు నుంచి రక్తం తెప్పించాలి. గ్రూపు తప్పితే మళ్ళీ వెళ్ళొచ్చే వ్యవధి లేదు. “గ్రూపు చెప్పమ్మా, త్వరగా!” అని కాంపౌండర్ గుమ్మంలోంచి అరుస్తున్నాడు. షమీమ్ నాగమ్మ పేరు కొట్టగానే తెరమీద ఇలా వచ్చింది: ‘ఈ పేరుతో ఇద్దరున్నారు. భర్త పేరు అడక్కుండా గ్రూపు చెప్పొద్దు.’

షమీమ్ లేచి వరండాలో ఉన్న నాగమ్మ అత్తగారి దగ్గరికి పరిగెత్తింది. “అత్తా, మీ అబ్బాయి పేరేంది?”

“కోటయ్య, అమ్మా.”

రెండో నాగమ్మ గ్రూపు వేరు. సరైన రక్తం సాయంత్రానికి వచ్చింది. తల్లీ బిడ్డా దక్కారు.

మేడం నన్ను మెచ్చుకోలేదు. షమీమ్ పక్కన కూర్చుని, “చదవగానే అర్థమైందా?” అని అడిగారు.

“అయిందండీ. ‘అడక్కుండా’ దగ్గర కాస్త తడబడ్డా.”

ఆ మాట అప్పుడే మార్పించారు. ‘ముందు భర్త పేరు అడగండి’ అయింది.

తర్వాత ఆవిడ సత్తెనపల్లిలో మళ్ళీ బడిపనిలో చేరారు. ఆవిడ చనిపోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు మా ప్రోగ్రామింగ్ భాషల్లో ఒక్కో తప్పుకూ సొంత పేరుతో ‘క్లాసు’ అనే కోడు ముక్క, దానికి తగిన సందేశం రాసుకోవచ్చు. అలా పేరు పెట్టిన తప్పుల్ని ఎక్సెప్షన్లు అంటాం. కొత్తవాళ్ళకు నేనే నేర్పుతాను. రాసిన సందేశాన్ని మాత్రం, దాన్ని రోజూ చదవాల్సిన మనిషి దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తాను. ఆ మనిషి నుదురు ముడిపడితే, ఏమీ వివరించకుండా వెనక్కి వచ్చి మళ్ళీ రాస్తాను.