కణాలమ్మ కలిపిన మీడియం

కణాలమ్మ అసలు పేరు ఆ ల్యాబులో ఎవరికీ గుర్తులేదు. రోగాల నుంచి ఒంటిని కాసే కాపలా కణాలను పళ్ళేల్లో పెంచడం ఆమె పని. ఆదివారమైనా, ఆడపడుచు పెళ్ళయినా వాటిని బతికించే పోషక ద్రవం, అదే మీడియం, మార్చనిదే ముద్ద దిగేది కాదు. తననూ ఆ ఇన్‌క్యుబేటర్‌లో పెట్టి తలుపేస్తే కాస్త పట్టించుకుంటావేమోనని మొగుడు ఉడికించేవాడు.

అలాంటి మనిషి పక్క బల్ల దగ్గరికి కొత్తమ్మాయి వచ్చి చేరింది. వచ్చీ రాగానే ల్యాబు నడిపే మేడమ్ నోట ఆ పిల్ల మాటే. కణాలమ్మకు కుళ్ళు పుట్టింది. పుట్టదూ మరి?

ముందు ఆ కణాల తీరు చెప్పాలి. సూక్ష్మజీవి గోడ ముక్క తగిలితే చాలు, కణం పైపొరలోని ప్రోటీన్ దాన్ని పట్టేస్తుంది. ఆ కబురు ఒక ప్రోటీన్ నుంచి ఇంకోదానికి అందుతూ కేంద్రకం దాకా పోతుంది. అక్కడ జన్యువులు మేల్కొంటాయి, కణం వాపు పుట్టించే రసాయనాలు వదులుతుంది. ఒంట్లో ఆ వాపే మనల్ని కాస్తుంది, హద్దు మీరితే మనల్నే తినేస్తుంది. ఆ కబురును మధ్యలో ఆపే మందు కోసమే మేడమ్ వెతుకులాట. మందు పనిచేసిందో లేదో తేలాలంటే, ఏమీ కలపని కణాలు గమ్మున ఉండాలి. కొత్తమ్మాయివి బుద్ధిగా ఉండేవి. కణాలమ్మవి ఊరికే గగ్గోలు పెట్టేవి, పరీక్షలో వాపు రసాయనాల గుర్తుగా పసుపు రంగు తేలేది. ఈసారీ ఇంతే అయితే పెంపకమంతా కొత్తమ్మాయికే అని మేడమ్ తేల్చి చెప్పింది.

కొత్తమ్మాయిది కొన్న మీడియం. కణాలమ్మ మాత్రం పొడి తెచ్చి తన పాత గాజు సీసాల్లో తానే కలుపుకునేది. ఆవిరిలో ఉడికిన సీసాల్లో ఏ పురుగు బతుకుతుందని ధీమా.

"అక్కా, పురుగు చచ్చినా దాని గోడ ముక్కలు మిగులుతాయి. మన ఉడకబెట్టడానికి అవి పోవు" అని ఆ పిల్ల ఒకసారి అంది.

నిన్నగాక మొన్న వచ్చింది, నాకు చెప్పేదా అని కణాలమ్మ మూతి తిప్పుకుంది. ఆ పిల్ల మీడియంలో కణాలను జోకొట్టే మందేదో ఉందని తీర్మానించుకుంది. అసూయకు కళ్ళుండవంటారు, చెవులు అసలే ఉండవు. రోజువారీ వాడకానికి ఇద్దరూ ఒకేలాంటి ట్యూబుల్లో మీడియం పోసుకునేవారు. భోజనాల వేళ గది ఖాళీ కాగానే కణాలమ్మ ఆ ట్యూబుల మీది చీటీలు మార్చేసింది.

మర్నాడు పసుపు రంగు కొత్తమ్మాయి పళ్ళెంలో తేలింది. కణాలమ్మవి కిక్కురుమనలేదు. ముందు ఆమె పొంగిపోయింది. ఆనక అనుమానం పట్టుకుంది. మందుంది కాబట్టి తనవి ఊరుకున్నాయనుకుందాం, మరి ఆ పిల్లవి ఎందుకు రెచ్చిపోయాయి? వాటికి పోసింది తన మీడియమే కదా!

మేడమ్ ఆమె భుజం తట్టి, పెంపకం ఆమెదే అంది. కొత్తమ్మాయి కళ్ళనీళ్ళు కుక్కుకుంది.

"రేపట్నుంచి ల్యాబులో కణాలన్నిటికీ నువ్వు కలిపిందే పొయ్యి" అంది మేడమ్.

కోరిందంతా చేతిలో పడింది, నోరు మూసుకుంటే చాలు. కానీ రేపు పళ్ళేలన్నీ తన చేతుల మీదుగానే పాడవుతాయి. కన్నపిల్లల్లా సాకినవాటికి ఆ గతి పట్టించడానికి ఆమెకు మనసొప్పలేదు.

"వద్దు మేడమ్. చీటీలు నేనే మార్చాను. చెడ్డది నా మీడియమే, తనది కాదు."

పెంపకం ఆ పూటే కొత్తమ్మాయి చేతికి పోయింది. ఆ పిల్ల తన పక్కన ఇంకో కుర్చీ వేసింది.

"రండక్కా, వీటికి మీడియం మార్చే వేళయింది."

కణాలమ్మ వెళ్ళి కూర్చుంది. తిట్టినా బాగుండేది. ఆ మంచితనమైనా తనకెందుకు లేకపోయిందని మళ్ళీ కుళ్ళుకుంది.