నోటి నిండా గుండుసూదులు

ఆ వీధి దర్జీ తాతయ్యని నోట్లో గుండుసూదులు లేకుండా చూసినవాళ్లు లేరు. నాలుగైదు సూదులు పెదవుల మధ్య పట్టుకునే కొలతలు తీసేవాడు, బేరాలాడేవాడు, కోప్పడేవాడు. పెదవులు కలిస్తేగా! 'బ', 'మ' అనే అక్షరాలు ఆ దుకాణం గడప తొక్కి ముప్పయ్యేళ్లయింది.

"నీ దావ దాగున్నాడా?" అన్నాడోసారి లెక్కల మాస్టారితో.

మాస్టారు ఇంతెత్తున లేచాడు. "నన్ను పట్టుకుని 'నీ' ఏంటండీ? అయినా మా బావకి దాక్కోవలసిన ఖర్మేంటి?"

పక్కన కాజాలు కుడుతున్న కూతురు గబగబా అడ్డుపడింది. "మీ బావగారు బాగున్నారా అంటున్నాడండీ నాన్న!"

నవ్వకండి, ఆయన చేతి కుట్టుకి తిరుగులేదు. మాటకే కూతురు దిక్కు.

ఇప్పుడా కూతురికే దిగులు పట్టుకుంది. ఆమె పాపకి రెండున్నరేళ్లు. పొద్దస్తమానం నోట్లో రబ్బరు పీక. అందులో పాలూ రావు, నీళ్లూ రావు, తీస్తే మాత్రం ఇల్లెగిరిపోయే ఏడుపు. పీక పక్కనుంచి వచ్చే మాట ఒక్కటే, "అన్నా!" కన్నతల్లిని పట్టుకుని అన్నా అంటుంది!

"చెవులు బాగానే ఉన్నాయి. మెలకువగా ఉన్నంతసేపూ నోట్లో పీకుంటే మాటెక్కడాడుతుందమ్మా? మెల్లగా మాన్పించండి" అంది డాక్టరమ్మ.

"ఎలా మానుతుంది? పొద్దున్న లేస్తే తాత నోరు చూస్తోందిగా!" కూతురు పాపనెత్తుకుని దుకాణానికొచ్చి తండ్రి మీద విరుచుకుపడింది. అంతలోనే కళ్లు తుడుచుకుంది. "దీని నోట అమ్మా అనిపించుకునే యోగం నాకుందా నాన్నా?"

తాతయ్య ఒక్కొక్క సూదీ బయటికి తీశాడు.

"నువ్వు పాకే రోజుల్లో కింద పడ్డ సూది నీ మోకాట్లో దిగిందమ్మా. ఎంత ఏడ్చావో! బల్లమీద పెడితే దొర్లుతాయని ఆ రోజు నుంచి నోట్లోనే పెట్టుకుంటున్నా."

కూతురు మోకాలు తడుముకుంది.

ఆయన గుడ్డముక్కలో దూది కుక్కి, బుల్లి దిండు కుట్టి మణికట్టుకి కట్టుకున్నాడు. సూదులన్నీ అందులో గుచ్చి మనవరాలి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నావి తీసేశా తల్లీ. మరి నీది?"

పాప తల అడ్డంగా ఊపింది. మర్నాడు పీకని కాసేపు దారాల డబ్బాలో పడుకోబెట్టి, మళ్లీ లాక్కుంది. తాతయ్య పట్టు వదల్లేదు. నెల తిరిగేసరికి అది డబ్బాలోనే ఉండిపోయింది.

ఓ రోజు మాస్టారి చొక్కా కొలతలు తీస్తూ తాతయ్య అలవాటు కొద్దీ ఒక్క సూది, ఒక్కటంటే ఒక్కటే, పెదవుల మధ్య పెట్టుకున్నాడు. పాప చూడనే చూసింది.

"అమ్మా! తాత!" అని వేలు చూపించి చాడీ చెప్పింది.

రెండు పెదవులూ కలిపి, నిండుగా అమ్మా అంది! కూతురు కాజా వదిలేసి పాపని ఎత్తుకుని ముద్దులతో ముంచేసింది.

తాతయ్య చటుక్కున సూదిని దిండులో గుచ్చి, ఏమీ ఎరగనట్టు మాస్టారి వైపు తిరిగాడు.

"మీ బావ బాగున్నాడా?"