చిన్న గాడిలో పసుపు

ఆ రోజుల్లో, అంటే తిరుపతిలో రీసెర్చి చేస్తూ, హాస్టలు సాంబారులో ములక్కాయ ముక్క దొరికితే పేపరు అచ్చయినంత సంబరపడిన రోజుల్లో, పని ఎవరు చేస్తే పేరు వాళ్లకే వస్తుందని మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. (నవ్వకండి. వయసు అలాంటిది.) ఒక కొత్త మందు అణువును తయారుచేసి, అది డీఎన్ఏకు అతుక్కుంటుందని నిరూపిస్తే నాకు పీహెచ్‌డీ వస్తుంది. డీఎన్ఏ రెండు పోగులు మెలి తిరిగి ఉంటుంది కదా, ఆ మెలిక వెంట రెండు గాడులు పడతాయి. ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. సరైన ఒంపు ఉన్న చిన్న అణువు ఆ ఇరుకు గాడిలో ఇమిడి కూర్చుంటే, కణం అక్కడ చదవాల్సింది చదవలేకపోతుంది. కొన్ని మందులు పనిచేసేది ఇలాగే. నా అణువు నీళ్లలో మసగ్గా ఉండి, గాడిలో దూరగానే వెలగాలి. నగరిలో మగ్గం నడిపే మా నాయనకు ఇదంతా పురి పెట్టిన దారం చూపించి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అంటే పురి ఇప్పకుండానే సందులో దూరాలనా? సరే పాపా, దూరేదేదో బిన్నా, తొరగా దూరమను. మీయమ్మ ఈదిలో అందరికీ నిన్ను డాక్టరని సెప్పేసిండాది" అన్నాడు.

మా ల్యాబులో పరీక్షలు ఎలా చేసినా ఆయుధపూజ మాత్రం లోపం లేకుండా చేసేవాళ్లం. అటెండరన్న ఫ్రిజ్జుకు, తక్కెడకు, కాంతిని కొలిచే మిషనుకు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ఆ ఊపులో మేం ద్రావణాలు పోసి కాంతిని కొలిచే చదరపు గాజు గొట్టాలకూ, వాటి మూతలకూ కూడా పసుపు పూసేశాడు. "దేన్నీ వదల్లేదు మేడమ్. ఇంక సూడండి, మీ పని యాడికో పోతాది" అన్నాడు. నిజంగానే పోయింది. మర్నాడు గొట్టాలను పైపైన తుడిచి, డీఎన్ఏ పోసి, స్పిరిట్‌లో కరిగించిన నా మందు ఒక చుక్క వేసి, మూత పెట్టి తలకిందులు చేసి కలిపాను. వెలిగింది! ఇంకో చుక్క వేసి కలిపితే ఇంకా వెలిగింది. (కలిపినప్పుడల్లా మూత లోపలి పసుపు కాస్త కాస్త కరిగి దిగుతోందని అప్పుడు ఎవరికి తెలుసు? పసుపు కూడా వెలిగే సరుకే.) "డీఎన్ఏ లేకుండా ఒకసారి చేసి చూస్తాను సార్" అంటే, మా గైడు సారు నా చేతిలో చక్కెర పొంగలి పెట్టి, "పండగ పూట శుభమా అని వెలుగుతా ఉంటే అపశకునం మాటలెందుకమ్మా?" అన్నారు. ఆ వారంలోనే, "ఇంత పెద్ద పని నువ్వొక్కదానివే మొయ్యలేవు తల్లీ, ఇంక మా అల్లుడు సూసుకుంటాడు" అని కూడా అన్నారు. అల్లుడుగారు మా ల్యాబులోనే స్కాలరు. అప్పటిదాకా ఆయన చూసుకున్నది ఏసీ రిమోటు ఒక్కటే. నేను తలూపి బయటికొచ్చి, బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను.

సెమినారులో అల్లుడుగారు టై కట్టుకుని నా అణువు గురించి మాట్లాడారు. బయటినుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "బాగుంది. డీఎన్ఏ లేకుండా చేస్తే ఎంత వెలిగింది?" అని అడిగారు. అల్లుడు మామను చూశాడు. మామ ఫ్యాను చూశారు. అల్లుడు గొంతు సవరించుకుని, వెనక వరసలో ఉన్న నన్ను చూపిస్తూ, "రీడింగులన్నీ ఆమె తీసిందే మేడమ్" అన్నాడు. అలా పని మళ్లీ నాదైపోయింది. ఆవిడ ఊరుకోక అందరినీ ల్యాబుకు నడిపించి, అవే గొట్టాల్లో పరీక్ష చేయించారు. డీఎన్ఏ లేకపోయినా వెలిగింది. నా మందు కూడా మానేసి ఉత్త స్పిరిట్ చుక్కలు వేసినా వెలిగింది. ఆవిడ మూత తిప్పి చూసి, గోరుతో గీకి, వాసన చూసి, పగలబడి నవ్వారు. అందరూ నవ్వారు. సారు అందరికంటే గట్టిగా నవ్వి, "ఈ కాలం పిల్లోళ్లకు శుభ్రం తెలీదు మేడమ్" అన్నారు. ఆ సాయంత్రం నుంచి క్యాంటీన్‌లో నా పేరు పసుపక్క.

కొత్త గొట్టాలు తీసుకుని ఒక్కదాన్నే మళ్లీ చేశాను. డీఎన్ఏ లేకుండా చీకటి. డీఎన్ఏ ఉంటే వెలుగు. కొంచెమే, కానీ నిజం వెలుగు. సారుతో చెబితే, "దాని పేరెత్తొద్దు. పోయిన మానం సాలదా?" అని కొత్త టాపిక్ ఇచ్చారు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే ఓపిక నాకు లేకపోయింది. మానేసి నాయుడుపేట దగ్గర మాత్రల కంపెనీలో చేరాను. కొన్నాళ్లకు పేపరు వచ్చింది. నా అణువే, ఇరుకు గాడిలోనే కూర్చుని ఉంది. పైన మామా అల్లుళ్ల పేర్లు. నా పేరు చివర కృతజ్ఞతల్లో, అటెండరన్న పేరు తర్వాత. ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది, దాచుకోవడం ఎందుకు?

ఆ రాత్రి నాయన ఫోన్ చేసి, "అచ్చేసినారంట గదా పాపా, నీ పేరు యాడుండాది?" అన్నాడు.

"కడాన ఉండాది నాయనా."

"కడానైతే ఏమి, ఉండాది గదా!" అని మురిసిపోయాడు.

సారు మీద కోపం పోలేదు, పోవాలనీ లేదు. కానీ ఆ కొంచెం వెలుగు కనబడగానే, నాయనకైనా చెప్పకుండా, ముందు సారుకే చెప్పాలని చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తిన ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. కొంగు పట్టుకుని ఆపాలనిపిస్తుంది.